రజిత మోకాలికి హీరోగారి షీటు

2016లో ఫిల్మ్‌నగర్‌లోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఒక పేషెంట్ ఫైలు మీద నేను ఒక వాక్యం రాశాను: "ఇంటి దగ్గర వ్యాయామాలు చెప్పిన ప్రకారం చేయలేదు." ఆ పేషెంట్ రజిత, సినిమా పాటల్లో హీరో వెనక వరుసల్లో ఆడే గ్రూప్ డ్యాన్సర్. ఆ వాక్యం అబద్ధం. పొరపాటున రాసింది కాదు. అబద్ధమని తెలిసే రాశాను, కింద సంతకం పెట్టాను, ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్నాను.

ఈ సంగతి రాస్తానని రజితను అడిగాను. పేరు మారుస్తానంటే ఒప్పుకోలేదు. "అబద్ధం నా పేరు మీదనే తిరిగింది గద సార్. నిజం గూడ నా పేరు మీదనే తిరగనీయుండ్రి" అంది. అందుకే ఆమె పేరు ఉంచాను. మిగతావాళ్ళ పేర్లతో పనిలేదు.

ఫిజియోథెరపిస్ట్ కావాలంటే ఏం చదవాలి, అయ్యాక ఏం చేయాలి అని చాలామంది అడుగుతుంటారు. చదువు సంగతి చెప్పడం తేలిక. ఇంటర్‌లో బైపీసీ, మా రోజుల్లో నాలుగేళ్ళ బీపీటీ, ఆపైన ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. ఇంకా చదవాలనుకుంటే రెండేళ్ళ ఎంపీటీ. నేను ఎముకలూ కీళ్ళ విభాగంలో అది కూడా చేశాను. ఇంత చదివినా మా చుట్టాల్లో సగం మందికి నేను మసాజ్ డాక్టర్నే. పెళ్ళి భోజనాల దగ్గర నాకు భుజం చూపించని బాబాయి లేడు.

పని సంగతి చెప్పాలంటే కొంచెం వివరంగా చెప్పాలి. మనిషి తలుపు తీసుకుని లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునేలోపే ఏ కాలి మీద బరువు వేస్తున్నాడో, ఏ కాలిని దాచుకుంటున్నాడో చూడాలి. అంతకుముందు జరిగిన వైద్యం కాగితాలన్నీ చదవాలి. గోనియోమీటర్‌తో, అంటే కీలు ఎంత వంగుతోందో కొలిచే స్కేలుతో, కొలత తీసుకోవాలి. ఆ మనిషికి, ఆ కీలుకి, ఆ వారానికి తగింది మాత్రమే చేయించాలి. ఇంటి దగ్గర ఎలా చేసుకోవాలో నేర్పాలి. తేడా కనిపిస్తే వెంటనే సర్జన్ దగ్గరికి పంపాలి. చేయించినదంతా ఉన్నదున్నట్టు రాయాలి. వీటిలో కాగితాలు చదివే పని రజిత విషయంలో నేను చేయలేదు. ఉన్నదున్నట్టు రాసే పని కూడా చేయలేదు.

నా క్లినిక్ అప్పట్లో ఒక ఎడిటింగ్ స్టూడియో కింది అంతస్తులో ఉండేది. పొద్దున పూట జూబ్లీహిల్స్ బంగళాల నుంచి టెన్నిస్ ఆడి మోచెయ్యి పట్టేసినవాళ్ళు వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్‌ల ఫైటర్లు, డ్యాన్సర్లు, లైట్లు మోసి నడుం పోయినవాళ్ళు. 2015లో ఒక పెద్ద హీరోకి మోకాల్లో ఏసీఎల్ తెగింది. తొడ ఎముకనీ కాలి ఎముకనీ మోకాలి మధ్యలో పట్టి ఉంచే తాడులాంటి లిగమెంట్ అది. ఆపరేషన్ అయ్యాక ఆయన్ని నడిపించే బాధ్యత నాకు వచ్చింది. ఆయన మంచి పేషెంట్. నేను వెళ్ళేసరికి చాప పరిచి కూర్చుని ఉండేవాడు. ఆయన కోసం ఏ వారం ఏం చేయాలో బొమ్మలు గీసి ఆరు పేజీల షీటు తయారు చేశాను. తొమ్మిది నెలలకి ఆయన పాటలో గెంతాడు. ఒక టీవీ ఇంటర్వ్యూలో నా పేరు కూడా చెప్పాడు.

ఇక ఆ మర్నాటి నుంచి ఫిల్మ్‌నగర్‌లో మోకాలు నొప్పి ఉన్న ప్రతివాళ్ళకీ ఒకటే కోరిక, హీరోగారికి ఇచ్చినవే మాకూ ఇవ్వండి అని. మోకాళ్ళు అరిగిపోయిన నిర్మాత ఒకాయన అడిగాడు. ఏ జబ్బూ లేని మేకప్‌మేన్ ఒకాయన, ముందుజాగ్రత్తగా కావాలన్నాడు. మొదట్లో అందరికీ కుదరదని వివరించేవాణ్ణి. తర్వాత ఏసీఎల్ కేసులకైతే ఇవ్వొచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత జిరాక్సులు తీయించి నా బల్ల సొరుగులో కట్ట పెట్టుకున్నాను. పైన ఏసీఎల్ ప్రోగ్రామ్ అని ఉండేది. అందరూ హీరోగారి షీటు అనేవాళ్ళు. అలా అంటుంటే నాకు బాగానే ఉండేది.

రజిత నా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషనై ఆరు వారాలైంది. వాన పాట రిహార్సల్లో తడి నేల మీద ఎడమకాలు మడతపడింది. బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో ఏసీఎల్ ఆపరేషన్ చేశారు. ఆరు వారాలు అక్కడే వ్యాయామాలు చేయించుకుని, రోజూ అంత దూరం తిరగలేక, యూసుఫ్‌గూడకి దగ్గరని నా క్లినిక్‌కి మారింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. వెంట వాళ్ళమ్మ. ఆవిడ కాస్ట్యూమ్స్ డిపార్టుమెంట్‌లో ఇస్త్రీ పని చేసేది. కూతురు వేసుకునే మెరుపుల గౌన్లు ఎన్నోసార్లు ఆవిడ చేతి మీదుగానే వెళ్ళేవట. ఆవిడ నన్ను ఒక్క ప్రశ్నే అడిగింది.

"పిల్ల మల్ల గుంపుల ఆడుతదా సారూ?"

తొమ్మిది నెలలు చెప్పినట్టు వింటే ఆడుతుందన్నాను. ఆవిడ కూతురి వైపు తిరిగి, "ఇన్నవా? చెప్పినట్టు ఇనాలె" అంది.

గుంపులో ఆడటమంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పాలి. ప్రతి డ్యాన్స్ మాస్టర్ దగ్గరా ఒక జాబితా ఉంటుంది. పాట ఖాయమైతే ఆయన అసిస్టెంట్ ఆ జాబితా చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు. ఫోన్ వస్తే పని ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. దెబ్బ తగిలినవాళ్ళ పేరు మామూలుగా రెండు మూడు నెలలు చూసి తీసేస్తారు. రజిత అంటే మాస్టర్‌కి గురి. తొమ్మిది నెలలు ఉంచుతానని మాట ఇచ్చాడు. పదహారో ఏట నుంచి ఆ పిల్ల సంపాదించుకున్నది ఆ జాబితాలో ఆ చోటు ఒక్కటే.

రజిత తన ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, మూలన పిన్ను కొట్టిన రెండు పేజీలు, ఇచ్చింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఏసీఎల్ ఆపరేషన్ అని ఉంది. రెండో పేజీ నేను తిప్పలేదు. ఆ సమయంలో బయట హీరోగారి మేనేజర్ కూర్చుని ఉన్నాడు. తర్వాతి సినిమాకి సెట్లో ఫిజియోగా ఉండమని అడగడానికి వచ్చాడు. పేజీ తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త సేపు కూడా నా మనసు ఆ గదిలో లేదు.

మోకాలు మాత్రం శ్రద్ధగానే చూశాను. వాపు తక్కువ, తొడ కండ కొంచెం తగ్గింది, తొంభై డిగ్రీలు వంగుతోంది. సొరుగులోంచి షీటు తీసి ఇచ్చాను. రజిత బొమ్మలు తిరగేసి, ఇది హీరోగారు చేసినదేనా అని అడిగింది. అవునన్నాను.

"ఆయన ఎనుక మూడో వరుసల రెండు పాటలు చేసిన సార్. ఇప్పుడు ఆయనది నాది ఒక్కటే స్టెప్పు" అని నవ్వింది.

అలాంటి పేషెంట్ దొరకడం ఏ ఫిజియోకైనా అదృష్టం. డ్యాన్సర్లకి తమ ఒంట్లో ఏ కండ ఎప్పుడు పనిచేస్తోందో తెలుస్తుంది. తొడ బిగించమంటే తొడే బిగిస్తారు, పళ్ళు బిగించరు. ఒక్క చిక్కు ఉండేది. నేను పదిసార్లు చేయమంటే ఆమె ఎనిమిదికే ఆపేది. డ్యాన్సులో అడుగులన్నీ ఎనిమిదుల లెక్కేనని, పది కుదరదని, ఎనిమిదిగానీ పదహారుగానీ చెప్పమని బతిమాలింది. సరేనని ఆమె కోసం అన్నీ ఎనిమిదుల్లోకి మార్చాను. షీటులో నేను ఆమె కోసం ప్రత్యేకంగా చేసిన మార్పు అదొక్కటే.

రూళ్ళ నోటుబుక్కు ఒకటి పెట్టుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఏం చేసిందో గీతలు గీసుకునేది. వారానికి మూడు రోజులు క్లినిక్‌కి వచ్చేది. వచ్చిన రోజు మా హాలంతా సందడిగా ఉండేది. పక్షవాతం వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పక్క బల్ల మీద చెయ్యి లేపలేక విసుక్కుంటుంటే, "జర నాతోటి లెక్కపెట్టుండ్రి తాతా" అని తన ఎనిమిదులు ఆయన చేత పాడించేది. ఆయన చెయ్యి లేచేది.

పన్నెండో వారం వచ్చింది. షీటులో అది నాలుగో పేజీ. పూర్తిగా కిందికి కూర్చుని లేవాలి. రజిత బొమ్మ చూసి ఆగింది.

"సార్, ఆస్పత్రిల నాలుగు నెలల దాక కింద కూసోవద్దన్నరు గద?"

"అది అందరికీ చెప్పే జాగ్రత్తేనమ్మా. నీకు కండ బాగా వచ్చింది. హీరోగారు ఈ వారానికి కూర్చున్నారు."

"మీరు చెప్పినంక ఇంకేమున్నది" అని, గోడ పట్టుకుని ఎనిమిది లెక్కపెడుతూ కూర్చుని లేచింది. నొప్పి లేదంది. నేను శభాష్ అన్నాను.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం ఆటో దిగి, వాళ్ళమ్మ భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ వచ్చింది. మోకాలు సగం వంగి అక్కడే బిగుసుకుపోయింది. దీన్ని లాకింగ్ అంటాం. లోపల తెగిన ముక్క ఏదో కీలులో అడ్డం పడితే, తలుపు సందులో గుడ్డ ఇరుక్కున్నట్టు, కాలు చాపడం కుదరదు. వెంటనే సర్జన్ దగ్గరికి పంపాను. వాళ్ళు వెళ్ళాక ఫైలు తీసి, మొదటిసారి రెండో పేజీ చదివాను.

ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్ కూడా చీలిందని, దానికి కుట్లు వేశామని అక్కడ రాసి ఉంది. మోకాలి ఎముకల మధ్య దిండులా ఉండే మెత్తటి భాగం మెనిస్కస్. కుట్లు వేశాక నాలుగు నెలల పాటు మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంచి బరువు వేయకూడదు. ఆ మాట కూడా అక్కడే, కింద గీత గీసి మరీ రాసి ఉంది. హీరోగారి మెనిస్కస్‌కి ఏమీ కాలేదు. కాబట్టి కిందికి కూర్చోవడం ఆయన మోకాలికి సరైన వ్యాయామమే. రజిత మోకాలికి అది కుట్లు తెంపే పని. రెండు వారాలు, రోజుకి మూడు పూటలు, నేను చెప్పానని ఆమె ఆ పని చేసింది.

సాయంత్రం సర్జన్ ఫోన్ చేశారు. ఎంఆర్ఐ తీశామని, కుట్లు తెగాయని, చీలిన ముక్క కత్తిరించి తీసేయడం తప్ప దారి లేదని చెప్పారు. పెద్దాయన, మర్యాదస్తుడు. గొంతులో నా మీద ఏ అనుమానమూ లేదు. "ఈ డ్యాన్సర్లు ఆగలేరు కదండీ. మీరు చెప్పినట్టు చేసిందా?" అని అడిగారు.

నాకు కావలసిన జవాబు ఆయన ప్రశ్నలోనే ఉంది. "లేదండీ, తొందరపడింది" అన్నాను. ఆ మాటే రిపోర్టులో రాసి పంపమన్నారు. అప్పుడు రాశాను, ఫైల్లోనూ రిపోర్టులోనూ, ఆ వాక్యం.

ఆయన ఆ సంగతి రజిత వాళ్ళమ్మకి చెప్పారు. రెండో ఆపరేషన్ అయిన పది రోజులకి రజిత ఒక్కతే చేతికర్రతో నా క్లినిక్‌కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నోటుబుక్కు నా బల్ల మీద పెట్టింది.

"చూడుండ్రి సార్. ఒక్క పూట తప్పలే. మీరు చెప్పినయే చేసిన. చెప్పనియి ఒక్కటి చెయ్యలే."

నేను నోటుబుక్కు తెరవలేదు. "రాసుకోవడం వేరు, చేయడం వేరు రజితా" అన్నాను.

"గట్లనా సార్" అంది. నోటుబుక్కు తీసుకుని వెళ్ళిపోయింది. ఈ వృత్తిలో ఇన్నేళ్ళుగా నేను అన్న మాటల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు.

నెల తర్వాత, కాస్ట్యూమ్స్ వాళ్ళ ద్వారా ఆ మాట చెవిన పడి, డ్యాన్స్ మాస్టర్ ఫోన్ చేశాడు. ఆయనది కృష్ణా జిల్లా, మా ఊరికి దగ్గరే. "డాక్టర్ గారూ, ఆ పిల్ల పేరు ఉంచమంటారా తీసేయమంటారా? కాలు సంగతి నేను అడగట్లేదండీ. చెప్పిన మాట వినని పిల్లని గుంపులో పెట్టుకుంటే రేపు పక్కవాళ్ళ కాలు కూడా విరుగుతుంది" అన్నాడు.

"మీ ఇష్టం మాస్టారూ" అన్నాను. ఆ రెండు మాటలూ చాలాయి. రజితకి మళ్ళీ ఫోన్ రాలేదు.

కుట్లు వేసిన మెనిస్కస్ ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి తెగుతుంది. అది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని నాకు నేను చాలా ఏళ్ళు సర్ది చెప్పుకున్నాను. రజిత మోకాల్లో కుట్లు ఎలాగైనా తెగేవేమో, ఎవరు చెప్పగలరు? కానీ ఆమె చెప్పినట్టు చేసిందా లేదా అన్నది మాత్రం నాకు తెలుసు. నన్ను అడిగింది కూడా అదే.

జిరాక్సుల కట్ట ఆ వారమే చించేశాను. అప్పటి నుంచి ఏ ఫైలైనా చివరి పేజీ నుంచి మొదటికి చదవడం అలవాటైంది. మంచి ఫిజియో అనే పేరు నిలబడింది. గర్వంగా చెప్పడం కాదు గానీ, ఆ పేరులో కొంత నిజం ఉంది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు మెట్లు దిగి ఆటో బేరమాడుకుంటుంటే కిటికీలోంచి చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. నాకిప్పుడు యాభై రెండు. పొద్దున్నే క్లినిక్ తాళం తీస్తుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఇంకో పని కూడా చేశాను. వ్యాయామాలు ఎగ్గొట్టే పేషెంట్లని భయపెట్టడానికి రజిత కథ చెప్పేవాణ్ణి. పేరు చెప్పకుండా, ఒక డ్యాన్సరమ్మాయి మాట వినకపోతే ఏమైందో చూడండి అనేవాణ్ణి. కొన్నాళ్ళకి అబద్ధం చెబుతున్నానన్న ధ్యాస కూడా పోయింది.

2024లో మడమ బెణికిన ఒక అమ్మాయికి టేపు వేస్తూ ఆ కథ మొదలుపెట్టాను. ఆమె కూడా డ్యాన్సరే. సగంలోనే అందుకుంది.

"ఎర్కే సార్, రజితక్క గద. మా మాస్టర్ కొత్తోళ్ళందరికీ చెప్తరు, రజిత లెక్క చెయ్యకుండ్రి అని. నేను గట్ల కాదు సార్, అన్నీ చేస్త."

ఆ అమ్మాయి రజితని ఒక్కసారి కూడా చూడలేదట. రజిత అసలు ఇప్పుడు ఎక్కడుందో, ఎలా ఉందో ఆమెకి తెలియదు. తెలిసింది ఒక్కటే, ఆమె మాట వినని మనిషి అని. నేను టేపు వేయడం పూర్తిచేశాను. తర్వాతి పేషెంట్‌ని కాసేపు కూర్చోమని, పాత ఫైళ్ళ అలమరా తెరిచాను.

మా రికార్డులకి ఒక నియమం ఉంది. తప్పు రాస్తే తెల్లరంగు పూయకూడదు, పేజీ చించకూడదు. పాత మాట చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, ఆరోజు తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇంటర్న్‌షిప్ మొదటి వారంలోనే నేర్పుతారు. నేను గీత కొట్టి ఇలా రాశాను: "పేషెంట్ అన్ని వ్యాయామాలూ చెప్పిన ప్రకారం చేసింది. ఆపరేషన్ వివరాల పేజీ నేను చదవలేదు. చేయకూడని వ్యాయామం నేనే చేయించాను." దాన్ని మూడు కాపీలు తీయించాను.

ఆ కాపీల్లో రెండు ఎక్కడికి చేరాయో ముందు చెప్పేస్తాను. ఒకటి సర్జన్ గారికి. ఆయన రిటైరయ్యారు. చదివి, కళ్ళజోడు తీశారు. "మీ మాట నమ్మి ఆ పిల్లని నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అన్నారు. ఇంకొకటి మాస్టర్‌కి. ఆయన తిట్టాడు. తిట్టడం అయ్యాక, "ఎనిమిదేళ్ళు నా నోటితో ఆ పిల్లని తిట్టించారండీ మీరు" అన్నాడు. తర్వాతి రిహార్సల్లో గుంపందరి ముందూ తన మాట వెనక్కి తీసుకున్నాడని మడమ బెణికిన అమ్మాయి వచ్చి చెప్పింది. వీళ్ళిద్దరి దగ్గరికీ నేను వెళ్ళింది రజితని కలిశాకే.

రజిత యూసుఫ్‌గూడలోనే ఉంది. ఒక బట్టల కొట్టు పైన హాలు కిరాయికి తీసుకుని సంగీత్ నేర్పుతోంది. పెళ్ళికి ముందు రెండు వైపులవాళ్ళూ పాటలకి ఆడే వేడుక సంగీత్. ఇప్పుడు అది లేకుండా నగరంలో పెళ్ళి జరగడం లేదు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి పెళ్ళికొడుకు మేనమామలు నలుగురు చెమటలు కక్కుతూ చేతులు ఊపుతున్నారు.

"మామా, కోర్టుకు పోతున్నట్టు మొఖం పెట్టకుండ్రి. అల్లుని పెండ్లి. జర నవ్వుండ్రి" అంటోంది రజిత.

నన్ను చూసి గుర్తుపట్టింది. కుర్చీ చూపించి, పాట అయ్యేదాకా ఆగమని సైగ చేసింది. ఆ పదిహేను నిమిషాలూ నేను చూసింది ఆమె ఎడమకాలు. బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా వేస్తోంది. తొడలో కండ ఉంది. గెంతే చోట మాత్రం నోటితో చెప్పి ఊరుకుంటోంది.

మేనమామలు దిగిపోయాక మొత్తం చెప్పాను. రెండో పేజీ, హీరోగారి షీటు, సర్జన్ ఫోన్, మాస్టర్ ఫోన్. కాపీ చేతికిచ్చాను. ఆమె నిలబడే చదివింది.

"నేను చేసిన అన్నది నాకెర్క లేదా సార్?" అంది. కాపీ మడుస్తూ మళ్ళీ అంది, "మొదట్ల రెండేండ్లు మాత్రం అనుమానమొచ్చింది. నిద్రల ఏమన్న కాలు మడిచిననా, బస్సెక్కంగ ఏమన్న చేసిననా అని. అంత సదువుకున్న సారు రాసిండంటే ఏదో ఉంటదనుకున్న."

రెండో ఆపరేషన్ తర్వాత కాలికి ఇంత బాగా వ్యాయామాలు ఎవరు చేయించారని అడిగాను. ఎవరూ లేరట. నా షీటులో నాలుగో పేజీ చింపేసి మిగతా అయిదు పేజీలూ తనే చేసుకుందట. నవ్వుతూనే చెప్పింది. నేను క్షమాపణ అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి. నాకు గాదు, మా అమ్మకు చెప్పుండ్రి. పాలు పొంగినా, తాళం చెవి దొరకకున్నా ఆమెకు ఒక్కటే మాట, మాట ఇనకనే కాలు పోగొట్టుకున్నవ్ అని. టీవీల గుంపు పాటొస్తే చానల్ మారుస్తది. నేను ఎంత చెప్పినా నమ్మలే సార్. డాక్టరు చెప్పిండు గద అంటది. మీరు మా ఇంటికొచ్చి చెప్పుండ్రి, నేను గూడ ఆడనే కూసొని ఇంట."

వాళ్ళిల్లు రెండు గల్లీల అవతల. ఆమె ముందు, నేను వెనక నడిచాం. ఇంటర్న్‌లకి ఇప్పుడు ఏం చెబుతున్నానో ఆ నడకలోనే అనుకున్నాను. పేషెంట్ కోలుకోకపోతే మా వృత్తిలో అన్నిటికంటే సులువుగా నోటికొచ్చే మాట "చెప్పినట్టు చేయలేదు." ఆ మాట రాసేముందు నేను చెప్పింది సరైనదేనా అని మొత్తం ఫైలు మళ్ళీ చదవాలి. పేషెంట్ మాట వినాలి. రాసుకొచ్చింది ఏదైనా ఉంటే తెరిచి చూడాలి. సర్టిఫికెట్ ఉన్నవాడు రాసిన మాటని ఇంట్లో అమ్మ కూడా కూతురి మాట కంటే ఎక్కువ నమ్ముతుంది. మా చదువు మా చేతికిచ్చిన బలం అది.

వాళ్ళమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను పోల్చుకుని లేవబోయింది. తర్వాత కూతురి మొహం చూసి, చేతిలో కాయ అలాగే పట్టుకుని అడిగింది.

"ఏం చేసింది సారూ, మల్ల?"

నేను గడప ఇవతల కింద కూర్చున్నాను. ఈసారి తప్పు ఎవరిదో ఒక్క ముక్కలో చెప్పాను. తర్వాత మొదటి నుంచి చివరిదాకా, ఆవిడకి అర్థమయ్యే మాటల్లో చెప్పాను. ఆవిడ చేతిలో కాయ చేటలో పడేసింది.

"మరి పెద్ద డాక్టరు చెప్పిండు గద?"

"నేను ఆయనకి చెప్పిందే ఆయన మీకు చెప్పారమ్మా."

"గప్పుడే ఎందుకు చెప్పలే?"

"భయపడ్డాను. నా పేరు పోతుందని."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "నువ్వన్న గట్టిగ చెప్పొద్దానే?" అంది.

"చెప్పిన అమ్మా. నువ్వు ఇనలే" అంది రజిత. ఆ మాటలో కోపం లేదు. పక్కనే కూర్చుని, చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకుంది.

అప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పాను. "మీ అమ్మాయి నేను చెప్పిన ప్రతిదీ చేసిందమ్మా. చెప్పనిది ఒక్కటీ చేయలేదు. మోకాలు చెడింది నా వల్ల. తప్పు ఆమె మీదికి నెట్టిందీ నేనే. రజితా, ఆరోజు నువ్వు నా ముందు నిలబడి చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసే నిన్ను అబద్ధం చెప్పినదానిలా పంపించాను. గుంపులో నీ చోటు పోతుందని కూడా తెలుసు, అయినా ఊరుకున్నాను. నన్ను క్షమించమ్మా. మీరు కూడా నన్ను క్షమించండి."